ముందుకో లెక్క, వెనక్కో లెక్క

డాలస్‌కి ఉత్తరాన, డెంటన్ దాటాక రోడ్డు పక్కన ఓ రేకుల షెడ్డు. వాకిట్లో తుప్పు పట్టిన యాక్సిళ్లు కట్టెల మోపుల్లా పడున్నాయి. మా మిత్రుడు ముచ్చటపడి కొన్న 1985 షెవ్రొలె కె20 ట్రక్కుని అక్కడికి తెస్తే చూద్దామని నేనూ వెంట వెళ్లాను. నాలుగంగుళాలు పైకి లేపి, 35 అంగుళాల టైర్లు తొడిగిన బండి. ఎక్కాలంటే ఎగబాకాల్సిందే. ఫోర్ వీల్ వేస్తే చక్రాలు గెంతుతున్నాయనీ, లీవరు బిగుసుకుపోయి వెనక్కి రావడం లేదనీ అతని గోడు.

షెడ్డు యజమాని పెద్దాయన. బానెట్ జోలికే పోలేదు. గ్లవ్ బాక్సులో ఫ్యాక్టరీ వాళ్లు అంటించిన కాగితం మీద జీటీ4 అని ఉంది, అంటే గేర్ రేషియో 3.73. మావాడు దాన్ని గర్వంగా చూపిస్తే ఆయన నవ్వి, నలభయ్యేళ్ల బండిలో కాగితాన్ని నమ్మేదేమిటంటూ బండి కిందికి దూరాడు.

వెనక డిఫరెన్షియల్‌ని చూడగానే పట్టేశాడు. మూతకి 14 బోల్టులు, చక్రం మధ్యనుంచి పొడుచుకొచ్చిన హబ్బు: జీఎం వారి ఫుల్ ఫ్లోటింగ్ ఫోర్టీన్ బోల్ట్. ఇందులో బరువు మోసేది హౌసింగే, లోపలి షాఫ్టుకి తిప్పే పనొక్కటే. ముందుదే తికమక. మూతకి పది బోల్టులు జీఎం సొంత యాక్సిల్‌కీ ఉంటాయి, డేనా 44కీ ఉంటాయి. మూత గుండ్రంగా ఉంటే జీఎంది, మూలలు తేలితే డేనా. గ్రీజు గీకితే పోతలో 44 అంకె కనబడింది.

ఇక లెక్క. రెండు చక్రాలూ గాల్లోకి లేపి, డ్రైవ్ షాఫ్టు మీద సుద్దముక్కతో గీత గీశాడు. ఒక చక్రం కదలకుండా నేను పట్టుకుంటే, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాడు. వెనక షాఫ్టు నాలుగు దాటి కొంచెం తిరిగింది: 4.10. హబ్బులు లాక్ చేసి ముందుది తిప్పితే మూడుంముప్పావు దగ్గరే ఆగింది. ముందుది కాగితం చెప్పిన 3.73 అన్నమాట! పాత యజమానెవరో వెనక యాక్సిల్ మార్చి, ముందుదాన్ని గాలికొదిలేశాడు.

ఈ ట్రక్కులో ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ రెండు షాఫ్టుల్నీ కలిపి బిగించేస్తుంది. షాఫ్టులు వంద చుట్లు తిరిగితే ముందు చక్రాలు 26.8, వెనకవి 24.4 చుట్లు తిరగాలి. ఇసుకలో అయితే ఏదో ఒక చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద తిన్నగా పోయినా మెలి షాఫ్టుల్లోనే పేరుకుంటుంది. 4.10కి 4.09 జతపడితే పరవాలేదుగానీ, ఇది పదో వంతు తేడా.

వెనకదాన్నే ఉంచమన్నాడాయన. 31 అంగుళాల టైర్లతో వచ్చిన బండికి 35వి వేశాక 3.73 కాస్తా 3.30 లాగా లాగుతుంది, 4.10 అయితే 3.63కి వస్తుంది. సరేనన్నాడు మావాడు. అసలు బిల్లు అప్పుడు తెలిసింది. రేషియో పెరిగితే పినియన్ తల చిన్నదవుతుంది, క్రౌన్ దాని దగ్గరికి జరగాలి. డేనా 44లో క్రౌన్‌ని మోసే క్యారియర్ 3.73 దాకా ఒకటి, 3.92 నుంచి ఇంకొకటి. అంటే అదీ కొనాలి.

వాకిట్లో ఉన్న ఫోర్డు డేనా 44 వేసేద్దామా అన్నాడు మావాడు, ఆశగా. దాని డిఫరెన్షియల్ గుండు డ్రైవరు వైపుంటుంది, ఈ షెవ్రొలెకి అవతలి వైపు. షాఫ్టు ఎక్కడ తగిలిస్తావని పెద్దాయన అడిగాడు. మావాడు బయానా ఇచ్చాడు. సామాను వచ్చేదాకా ఎవరూ లీవరు లాగి కొంప ముంచకుండా ఆయన ముందు డ్రైవ్ షాఫ్టు ఊడదీసి ట్రక్కు తొట్టిలో పడేశాడు.