పేర్లు వెదకిన పదునెనిమిది నెలలు

ఈ కళాశాలలో చదివి వెళ్ళినవారు తమ అనుభవాలను వార్షిక సంచికకు వ్రాసి పంపవలెనని సంపాదకవర్గం వారు కోరినప్పుడు మేము కొంత సంకోచించాము. మా సహాధ్యాయులలో కొందరు ఉద్యోగాలలో కుదురుకొన్నారు, మరికొందరు పై చదువులకు పోయారు. మేము మాత్రం పట్టా చేతికి రాగానే, 2022లో, అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీకి పోయి, పదునెనిమిది నెలలు చనిపోయినవారి పేర్లు వెదకి వచ్చాము. ఆ పనికి జీతం లేదు. పైగా ఖర్చులో మా వంతు మా ఇంటివారే భరించారు. ఇట్టి అనుభవం విద్యార్థులకు ఏ విధంగా ఉపకరించునో చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

మా కుటుంబం యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి చెందినది. లోకం మోర్మన్లు అని పిలిచేది ఈ సంఘంవారినే. పూర్తి పేరుతోనే పిలువుమని 2018 నుండి సంఘ పెద్దలు గట్టిగా కోరుతున్నారు. భారతదేశంలో ఈ సంఘానికి మొట్టమొదటి ‘స్టేక్’, అనగా కొన్ని స్థానిక సంఘాల కూటమి, 2012లో మన హైదరాబాదులోనే ఏర్పడినది. యువకులు ఇరువది నాలుగు నెలలు, యువతులు పదునెనిమిది నెలలు మిషనరీ సేవకు పోవుట మాలో ఉన్న ఆచారం. ఎక్కడికి పోవలెనో, ఏ పని చేయవలెనో మనం ఎన్నుకొనరాదు. పిలుపు వచ్చినచోటికి పోవలెను. మాకు వంశచరిత్ర సేవకు పిలుపు వచ్చినది.

మిషనరీ అనగానే ఇంటింటికీ తిరిగి తలుపులు తట్టేవారే అందరికీ స్ఫురిస్తారు. వంశచరిత్రతో వారికేమి పని అని మమ్ము అడిగినవారు చాలామంది. కుటుంబబంధం మరణంతో తెగిపోదని మా సంఘం నమ్ముతుంది. పూర్వీకుల తరఫున వారి సంతతివారు దేవాలయంలో బాప్తిస్మం పొందవచ్చునని, దానిని స్వీకరించుటో నిరాకరించుటో ఆ పూర్వీకుల ఇష్టమేనని మా విశ్వాసం. ఆ కార్యానికి ముందుగా పేరు తెలియవలెను. ఈ ఆచారం విమర్శకు గురికాకపోలేదు. నాజీల చేతిలో హతులైన యూదుల పేర్లను కొందరు ఇట్లు సమర్పించినందున యూదు సంస్థలు తీవ్రంగా బాధపడినవి. 1995లో వారితో ఒప్పందం కుదిరినది. ఎవరైనను తమ సొంత పూర్వీకుల పేర్లనే సమర్పించవలెనన్న నియమాన్ని మాకు మొదటి దినాలలోనే బోధించారు. ఇతరుల పితరులు ఇతరుల సొత్తు అన్న సంగతి అప్పుడు మా మనస్సులో నాటుకొన్నది.

మా దినచర్య సైనికుల దినచర్య వంటిది. ఉదయం ఆరున్నరకు నిద్ర లేవవలెను. వ్యాయామం, స్నానం, ఫలాహారం, గ్రంథపఠనం వరుసగా జరుగవలెను. రాత్రి పదిన్నరకు దీపం ఆర్పవలెను. సహచరిని విడిచి ఒంటరిగా ఎక్కడికీ పోరాదు. మాకు సహచరిగా కుదిరిన ఆమె ఫిలిప్పీన్సు దేశస్థురాలు. మొదటి వారంలో ఆమె ఇంగ్లీషు మాకు, మా ఇంగ్లీషు ఆమెకు అర్థం కాక ఇద్దరమూ సైగలతో వంట చేసుకొన్నాము. అన్నం విషయంలో మాత్రం మాకు ఏనాడూ భేదాభిప్రాయం రాలేదు! నల్లని పేరుబిళ్ళ ఎదపై ధరించి మంచులో నడిచి పోతుంటే ఆ బిళ్ళ మీద ఉన్నది మా ఇంటిపేరు మాత్రమే. అక్కడ అందరికీ మేము ‘సిస్టర్’. ఇంట్లో పిలిచే పేరుతో పిలిచేవారు ఒక్కరూ లేరు. మా సంఘంలో తేనీరు, కాఫీ నిషిద్ధం కనుక ఇరానీ చాయ్ మీద మనస్సు పోయే బాధ చిన్ననాటి నుండి అలవాటే. ప్రతి నెలా మొదటి ఆదివారం రెండు పూటల అన్నపానాలు మాని, ఆ భోజనపు ఖర్చును బీదలకు ఇచ్చేవారము. అప్పుడు ఈ కళాశాలలో రంజాను మాసాన మాతో పాటు తరగతిలో కూర్చొని దప్పికకు ఓర్చుకొన్న నేస్తాలు గుర్తుకు వచ్చేవారు.

మేము పనిచేసినది దేవాలయ ప్రాంగణానికి పడమటి దిక్కున ఉన్న వంశచరిత్ర గ్రంథాలయంలో. 2023లో, మేము అక్కడ ఉండగానే, దానికి ఫామిలీసెర్చ్ గ్రంథాలయమని పేరు మార్చారు. దీని వెనుక ఉన్న సంస్థ 1894లో పుట్టినది. 1938లో పాత దస్తావేజులను మైక్రోఫిల్ము మీదికి ఎక్కించుట ఆరంభించి, లోకమంతా తిరిగి, ఇరువది నాలుగు లక్షల చుట్టలు కూడబెట్టినది. వాటి మూలప్రతులను ఊరికి ఆగ్నేయాన కొండను తొలిచి కట్టిన నేలమాళిగలో భద్రపరిచారు. ఆ చుట్టలన్నిటినీ కంప్యూటరు మీదికి ఎక్కించే పని 2021లో ముగిసినది. హరిద్వారంలో పండాలు తరతరాలుగా వ్రాసి ఉంచిన బహీల చిత్రాలు సైతం ఆ సేకరణలో ఉన్నవని తెలిసిన దినాన మాకు స్వదేశం కనబడినట్లైనది.

ఏ మతంవారైనను అక్కడికి వచ్చి ఉచితంగా వెదకుకొనవచ్చును. వచ్చినవారి ప్రక్కన కూర్చొని దారి చూపుటయే మా పని. ఒకనాడు నల్లజాతి వృద్ధుడొకరు వచ్చారు. 1870 జనాభా లెక్కలలో ఆయన పూర్వీకుడు దొరికినాడు. అంతకు ముందుకు పోవలెనన్నది ఆయన కోరిక. అమెరికాలో 1850 నుండి స్వతంత్రులందరి పేర్లూ లెక్కలలో వ్రాశారు. బానిసలకు మాత్రం 1850, 1860 సంవత్సరాలలో వేరే పట్టికలు ఉన్నవి. యజమాని పేరు క్రింద వయస్సు, లింగం, రంగు మాత్రమే ఉంటవి, పేరు దాదాపుగా ఉండదు. ఆ పత్రం తెర మీదికి రాగానే ఆయన ఒక పంక్తి మీద వ్రేలు ఉంచి చాలాసేపు కదలలేదు. “వయస్సు సరిపోతున్నది. ఇతడే కావచ్చును, కాకపోవచ్చును,” అన్నారు. మేమేమియు పలుకలేకపోయాము. 1850కి ముందరి లెక్కలలో ఇంటి యజమాని పేరు తప్ప భార్యాబిడ్డల పేర్లు లేవు, వారు అంకెలు మాత్రమే. పేరు వ్రాయబడుట ఎంతటి గౌరవమో ఆనాడు మాకు తెలిసివచ్చినది.

ఆ రాత్రి మా సొంత పటం ముందు వేసుకొన్నాము. నాలుగు తరాల పటంలో పదిహేను గడులు ఉంటవి. నాలుగవ తరంలో ముత్తాతలు, ముత్తవ్వలు కలిసి ఎనమండుగురు. వారిలో మాకు తెలిసినవి అమ్మ వైపు ముత్తాతల పేర్లు రెండే. మిగిలిన ఆరు గడులూ ఖాళీ! పరదేశీయులకు పది తరాల దారి చూపినవారము, మా ఇంటి నాలుగవ తరం ఎరుగము.

పూర్వం మిషనరీలు ఇంటికి ఫోను చేసేది ఏడాదికి రెండు మార్లే. 2019 నుండి వారానికొకసారి మాట్లాడవచ్చును. ఆ వారం మేము నల్లగొండ జిల్లాలో ఉన్న మా నానమ్మను పిలిచాము. తన తల్లిదండ్రుల పేర్లు ఆమె తడుముకొనకుండా చెప్పినది. మామగారి పేరు అడుగగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకొన్నది. “మామ పేరు కోడలి నోట వస్తదా బిడ్డా?” అన్నది. ఎంత బ్రతిమాలినా చెప్పలేదు. చివరకు చేయి పైకెత్తి, “పున్నం నాడు ఆడ ఉంటడు సూడు, ఆయన పేరే,” అని నవ్వినది. మా నాన్నగారు పెట్టెలో వెదకి పాత పహాణీ నకలు ఒకటి ఛాయాచిత్రం తీసి పంపారు. అది నిజాం కాలంనాటి ఉర్దూ వ్రాత. మేము దానిని ఈ కళాశాలలో ఉర్దూ చదివిన నేస్తానికి పంపగా, ఆమె ఒక్క రాత్రిలో చదివి చెప్పినది. పట్టాదారు పేరు చంద్రుని పేరే. ‘వల్ద్’ అన్న మాట తరువాత ఆయన తండ్రి పేరు కూడా ఉన్నది. ఈ విధంగా మరొక తరం మాకు దక్కినది. మా పూర్వీకుల పేర్లు మాకు ఉర్దూ లిపిలో దొరుకునని కళాశాలలో ఉన్నప్పుడు మేమెన్నడూ అనుకొనలేదు.

ఇక మిగిలినవి మూడు గడులు. మూడూ స్త్రీలవే. అత్తగారి పేరేమని నానమ్మను అడిగాము. ఆమె చాలాసేపు ఆలోచించినది. “అత్తమ్మ అనే పిలిస్తిని. ఊరంతా ఫలానా వాని తల్లి అనేటోళ్ళు. పేరుతోటి నాకేం పని పడ్డది?” అన్నది. ఇరువది ఏండ్లు ఒక్క పొయ్యి దగ్గర వంట చేసిన కోడలికి అత్త పేరు తెలియదు. మరి రెండు వారాల తరువాత నానమ్మే మాట కలిపినది. అత్తగారు కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివారు పెట్టిన ఇత్తడి బిందె అటక మీద ఉన్నదని జ్ఞాపకం వచ్చినదట. మా బాబాయి దానిని దింపి చింతపండుతో తోమి చూడగా, మెడ చుట్టూ చెక్కించిన నాలుగు అక్షరాలు బయటపడినవి. ఏ కొండ క్రింది నేలమాళిగలోను లేని ఆ పేరు మా అటక మీద ఉన్నది. మేము ఆ గడిలో ఆ నాలుగు అక్షరాలను తెలుగులోనే వ్రాశాము.

మిగిలిన రెండు గడులు అమ్మ వైపువి. ఆ ఇంటి ఇత్తడి సామాను ఎన్నడో పాత సామానుల వానికి వేసి ప్లాస్టిక్ బకెట్లు తెచ్చుకొన్నారు. ఆ గడులు నేటికీ ఖాళీగానే ఉన్నవి.

సేవాకాలం ముగించి ఇంటికి వచ్చేసరికి నానమ్మకు మతిమరపు ముదిరినది. మంచం ప్రక్కన కూర్చొన్న మమ్ము చూచి, “నీ పేరేంది బిడ్డా? ఎవరింటి పిల్లవు?” అని అడిగినది. మేము మా పేరు చెప్పాము. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు వరుసగా చెప్పి, చివరకు బిందె మీది పేరు కూడా చెప్పాము. ఆ పేరు ఎవరిదో ఆమెకు గుర్తుకు రాలేదు. కాని మంచి పేరని మెచ్చుకొన్నది.

విద్యార్థి సోదరీసోదరులారా! మీ విశ్వాసం ఏదైనను కానివ్వండి. మీరు షజరా అనండి, వంశవృక్షం అనండి, అందులో సగం గడులు మన ఇండ్లలోని స్త్రీలవి. రాబోయే సెలవులలో ఒక నోటుపుస్తకం తీసుకొని మీ ఇంటి పెద్దల వద్ద ఒక పూట కూర్చొనండి. పెట్టెలో కాగితాలు, అటక మీద బిందెలు అమ్మకమునుపే ఒకసారి చూడండి. ముందుగా నానమ్మను, దాదీని, అమ్మమ్మను, నానీని అడగండి. మేము ఒక ఏడాది ఆలస్యంగా అడిగి ఉంటే మా పటంలో మరి నాలుగు గడులు ఖాళీగా ఉండేవి.