మూడు తాళపుచెవులు



వచ్చు నెల మొదటి ఆదివారమున నేను సంఘ కార్యదర్శి పనినుండి విరమించుచున్నాను. నలుబది యేండ్లకు పైగా ఈ సముద్రతీరపు సంఘమునకు ఊడిగము చేసితిని. ఆ దినమున నన్ను గూర్చి మంచిమాటలు చెప్పుటకు కొందరు సిద్ధపడుచున్నారని వింటిని. అంతకు ముందే నా తప్పిదమొకటి నేనే చెప్పుకొనుట న్యాయము.

1984 నవంబరులో నెల్లూరు తీరమును తుపాను కొట్టినప్పుడు నేను సంఘపనిమీద నెల్లూరు పోయియుంటిని. ఆనాడు మా పాలెమున మిద్దె మందిరమొక్కటే; తక్కినవన్నియు తాటాకు ఇండ్లు. మందిరపు తాళపుచెవి నా జేబులో నుండెను. దానిని మరియొకరి చేతికిచ్చు అలవాటు నాకు లేదు. అది జాగ్రత్త అని తలంచితిని.

ఆ రాత్రి జనులు పసిబిడ్డల నెత్తుకొని మందిరపు వాకిట వానలో నిలిచిరి. తుదకు చేపలమ్ముకొని బ్రదుకు ఒక విధవరాలు గునపముతో తాళము పగులగొట్టెను. అందరును లోపల చేరి తెల్లవార్లు ప్రార్థించుచు బ్రదికిరి.

మూడవనాడు నేను ఊరు చేరి మొదట చూచినది విరిగిన తాళమునే. "ఎవరి నడిగి పగులగొట్టినారు?" అంటిని. ఆమె బురద చీరతోనే నా యెదుట నిలిచి, "అబ్బయ్యా, తాళం ఇంకోటి కొనుక్కోవచ్చు. పిల్లకాయల్ని యాడ కొనుక్కుంటాం?" అనెను.

నాకు నోట మాట రాలేదు. నేను ఇన్నాళ్లు కాపాడినది మందిరమును కాదు, నా పెద్దరికమును.

పిమ్మట మూడు తాళపుచెవులు చేయించితిమి. ఒకటి ఆమెకు, ఒకటి ఒక పడవ సరంగుకు, ఒకటి నాకు. సంఘపు లెక్కలు సహా ముగ్గురము చూచి, నెలనెల సభలో చదివి వినిపించితిమి. ముగ్గురు చేరినచోట జగడములును కలిగెను. ఒకసారి నెలదినములు మేము మాటలాడుకొనలేదు. అయినను మందిరపు తలుపు ఎవరికిని మూయబడలేదు.

మన పెద్దలు ఈ పాఠమును ముందే నేర్చియుండిరి. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు దాపున, వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీళ్లలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులు వేసికొనిరి. నాయకుడైన క్లౌ దొరగారు తమ చేతులతో ఒక్కరికైనను ఇయ్యలేదు. ఆ దినపు గొప్ప పనిని ఇతరుల చేతులకు అప్పగించుటయే వారి నాయకత్వము. మోషేకు మామయైన యిత్రో చెప్పిన బుద్ధియు ఇదియే గదా.

మన తీరమున అలివి వల లాగుట మీరందరు చూచినదే. రెండు తాళ్లను రెండు జట్లు సమముగా లాగవలెను. ఒక వైపు వారు మాత్రమే బలము చూపినయెడల వల వంకరపోవును, చేప తప్పించుకొనును. లాగినవారిలో ఈ చేప నాదని చెప్పగలవాడెవడు?

ఆ తల్లి ప్రభువునందు నిద్రించినది. ఆమె తాళపుచెవి నేడు ఆమె మనుమరాలి కొంగున నున్నది. నాది ఆ ఆదివారమున ఒక యౌవనస్థుని చేతబెట్టెదను. నేను లేకుండ తలుపు తెరచుకొనుటయే నా సేవకు తగిన ఫలము.

సంఘపెద్దలారా, మీ తాళపుచెవి నేడు ఎవరి జేబులో నున్నది? తుపాను రాకమునుపే చూచుకొనుడి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.