గజ్జలో బిళ్ళ కట్టినప్పుడు నేర్చుకున్నది

పోస్టు పెట్టి రెండు నెలలైంది. "ఏమప్పా, కనపడలే" అని కొందరు ఫోన్ చేసినారు. కాలు బాగలేక మంచాన పడుంటి. ఆ కథ చెప్తా. నా గోడు వినమని కాదు, నేను చేసిన తప్పు మీలో ఒక్కరైనా చేయకుండా ఉంటే చాలు.

ముంగారు వాన పడి నేల పదునైంది. చెనిక్కాయ విత్తే ముందురోజు గెనిమ మీద సర్కారు తుమ్మ కంప కొడతా ఉంటే ముల్లు చెప్పులోంచి అరికాల్లో దిగింది. పిన్నీసుతో లాగి, పసుపు అద్ది, మర్నాడు గొర్రు వెనక నడిచినా. పదును పోతే మళ్లీ వాన ఎప్పుడని మన తనకల్లు పక్కన ఎవరు చెప్పగలరు?

రెండో రోజుకు కాలు ఎర్రగా వాచి సలుపు మొదలైంది. మూడో రోజు గజ్జలో బిళ్ళ కట్టింది, చలిజ్వరం వచ్చింది. మందుల అంగడి నుంచి ఐదు రోజులకు గట్టి మాత్రలు తెప్పించుకున్నా. రెండు రోజులకే నొప్పి తగ్గింది. మళ్లీ ఎప్పుడైనా పనికొస్తాయిలే అని మిగిలినవి గూట్లో పెట్టి చేనికి పోయినా. పది రోజులకు కాలు మోకాలి దాకా వాచింది. గూట్లో మాత్రలు మింగితే ఏమీ గుణం కనపడలే.

కదిరికి తీసుకుపోయినారు. పుండు కోసి చూస్తే ముల్లు మొన లోపలే ఉంది. చీము పరీక్షకు పంపినారు. రిపోర్టు చూసి డాక్టరమ్మ అడిగింది: "మాత్రలు మధ్యలో ఆపినావా నాయనా? నీ కాల్లో ఉన్న బ్యాక్టీరియాకు ఆ మందు పనిచేయదు. ఇది నెత్తురంతా పాకింటే నువ్వు దక్కేవాడివి కాదు." వేరే మందు సెలైన్‌లో ఎక్కించినారు. మా ఇంటామె కమ్మలు కుదువకు పోయినాయి.

ఆమెను అడిగి తెలుసుకున్నది మీకూ చెప్తా. వాపు, ఎరుపు, వేడి ఇవన్నీ ఒళ్లు చేసే కొట్లాట. దెబ్బ తగిలిన చోట రక్తనాళాలు వెడల్పై నెత్తురు ఎక్కువ వస్తుంది, అందుకే ఎరుపూ వేడీ. నాళాల్లోంచి నీరు ఊరి వాపు వస్తుంది. తెల్ల రక్తకణాలు వచ్చి బ్యాక్టీరియాను మింగుతాయి. ఆ కొట్లాటలో చచ్చినవే చీము. గజ్జలో బిళ్ళ అంటే మన ఒంటి పోలీసు ఠాణా లాంటిది. వచ్చింది ఏ శత్రువో అక్కడే గుర్తుపట్టి, దానికి సరిపోయే కణాలను పెంచుతుంది. మొదటిసారి దీనికి కొన్ని రోజులు పడుతుంది. ఆ గుర్తు ఉండిపోతుంది కాబట్టి రెండోసారి తొందరగా లేస్తుంది. టీకా చేసే పని ఈ గుర్తు ముందే పెట్టడం.

ధనుర్వాతం క్రిమి మన మట్టిలో, పేడలో విత్తనం మాదిరి నిద్రపోతా ఉంటుంది. గాలి ఆడని లోతు గాయం దొరికితే లేస్తుంది. ముల్లు గాయం అట్లాంటిదే. కాబట్టి ముల్లు దిగితే పసుపుతో సరిపెట్టొద్దు. సబ్బునీళ్లతో బాగా కడిగి, ఆస్పత్రికి పోయి, టీకా ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి.

మంచాన ఉన్నప్పుడు మా తమ్ముని కొడుకు చేను ఎట్లుందో చూపిద్దామని చెనిక్కాయ చెట్టొకటి పీక్కొచ్చినాడు. వేరు బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంది. అది రైజోబియం బ్యాక్టీరియా ఇల్లు. గాలిలో నత్రజనిని పట్టి చెట్టుకు ఇస్తుంది, చెట్టు దానికి చక్కెర పెడుతుంది. ఆ ఎరుపు మన నెత్తురులో ఉండే పదార్థానికి దగ్గరి చుట్టమే. ఎకరా విత్తనానికి 200 గ్రాముల పొడి చల్లారిన బెల్లం పాకంతో పట్టించి నీడన ఆరబెట్టేది దీని కోసమే.

మా కాపుకు అన్నం పెట్టే బ్యాక్టీరియా, నా కాలు మీదికి తెచ్చిన బ్యాక్టీరియా రకాలు వేరైనా, రెండూ ఒక చేనిలో బతికేవే. గొర్రె కడుపులో చూడండి. గడ్డి అరిగేది బ్యాక్టీరియా వల్లే. చిటుకు రోగం క్రిమి కూడా ఆ కడుపులోనే ఊరికే ఉంటుంది. తొలకరి లేతగడ్డి మితిమీరి మేస్తే విపరీతంగా పెరిగి విషం కక్కుతుంది. అందుకే ఆ టీకా వానలకు ముందే వేయించాల.

మందు కూడా మట్టిలోంచి వచ్చిందే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడు, 1948లో ఆరియోమైసిన్ అనే మందు బయటికొచ్చింది. డగ్గర్ అనే శాస్త్రవేత్త దాన్ని కనిపెట్టింది మిస్సోరీలో ఒక వ్యవసాయ క్షేత్రపు మట్టిలోని బ్యాక్టీరియాలో. గొర్రెలకు పొడిచే పచ్చ మందు ఆక్సీటెట్రాసైక్లిన్ ఆ కుటుంబందే. దాన్ని నేను ఎన్నిసార్లు డాక్టరును అడగకుండా, కొలత లేకుండా పొడిచినానో లెక్కలేదు.

లద్దె పురుగుకు ఏటా ఒకే మందు కొడితే ఏమైంది? మెత్తనివి చచ్చి మొండివి మిగిలినాయి, వాటి సంతానమే చేనంతా అయింది. బ్యాక్టీరియా కూడా అంతే. పైగా దాని సంతతి నిమిషాల లెక్కన పెరుగుతుంది. నా కాల్లో మొండి రకం నా సగం మాత్రల వల్ల వచ్చిందో, ఇంకెవరి దగ్గర తయారై వచ్చిందో డాక్టరమ్మ కూడా చెప్పలేదు. ఒకరి ఇంట్లో తయారైంది ఊరందరికీ వస్తుంది, అది మాత్రం నిజం.

కాబట్టి జలుబుకు ఈ మాత్రలు అడగొద్దు, అది వైరస్, వాటికి లొంగదు. డాక్టరు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులు వాడండి. మిగిలినవి గొర్రెకు, పక్కింటోళ్లకు ఇయ్యొద్దు. గొర్రెకు మందు వేస్తే డాక్టరు చెప్పినన్ని రోజులు పాలు, మాంసం అమ్మొద్దు.

ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తా ఉన్నా. చెనిక్కాయ పీకేనాటికి చేనిలో ఉంటా. మీ ఇండ్లల్లో గూట్లో సగం మిగిలిన మాత్రలున్నాయేమో ఈ రాత్రికి ఒకసారి చూసుకోండి.