కడప నుండి కర్నూలుకు

కడపలో బస్సెక్కాము. మా మదరసాలో చదువుతూనే ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ పూర్తిచేసిన ఒక విద్యార్థి, అతని తండ్రి మా వెంట ఉన్నారు. సుంకేశుల వద్ద తుంగభద్ర నీరందుకొని కడప దాకా వచ్చే కె.సి. కాలువకు ఎదురు ప్రయాణం మాది.

ఆళ్లగడ్డ దాటాక ఆ తండ్రి మెల్లగా అడిగారు: "హజ్రత్, ఇన్నేళ్లు ఖుర్ఆన్ చదివిన పిల్లోడు కాలేజీకి పోతే మనకు దక్కుతాడా?"

వెంటనే జవాబివ్వలేకపోయాము. పదేళ్ల క్రితం మరొకరు ఇదే అడిగితే "వద్దు" అన్నాము. ఆ తెలివైన కుర్రవాడు ఇప్పుడు ఎదురైతే సలాం చెప్పి, తల వంచుకొని వెళ్లిపోతాడు.

అందుకే ఈసారి డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి సంగతి చెప్పాము. కర్నూలు బిడ్డ. పేరుకు ముందున్న 'అఫ్జలుల్ ఉలమా' అరబీ విద్యకు దక్కిన పట్టం. మద్రాసులో ప్రభుత్వ మహమ్మదీయ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆ ఆలిమే 1947లో, దేశ విభజన కలవరంలో మన సముదాయం దిక్కుతోచక ఉన్నవేళ, కర్నూలులో ఉస్మానియా కళాశాలను నెలకొల్పారు. 2016లో ఏర్పడిన ఇక్కడి ఉర్దూ విశ్వవిద్యాలయం ఆయన పేరిటే ఉంది. పట్టణానికి వచ్చినవారు కొండారెడ్డి బురుజు చూసి పోతారు గానీ, ఈయనను ఎందరు తలచుకుంటారు?

ఉస్మానియాలో దరఖాస్తు నింపుతూ, మదరసా చదువు రాయాలా వద్దా అని కుర్రవాడు తటపటాయించాడు. "రాయి" అన్నారు తండ్రి.

జుహర్ వేళైంది. మసీదు ఎటని అడిగితే, అటే వెళుతున్న ఇద్దరు విద్యార్థులు మమ్మల్ని వెంటబెట్టుకుపోయారు.