నేర్పించాల్సిన వాళ్లం

జర్మనీలో నర్సింగ్ శిక్షణకు వెళ్తామని మన గూడేల పిల్లలు చాలామంది అడుగుతున్నారు. దానికోసమే జర్మన్ నేర్చుకుంటున్న మేం కొందరం ఒక్క మాట గురించి రాస్తున్నాం. ఆ మాట 'ఔస్‌ట్సుబిల్డెండె'. శిక్షణలో చేరినవాళ్లను అక్కడ కాగితాల మీద ఇలాగే రాస్తారు. పొడుగ్గా ఉందని జనం 'అట్సుబి' అంటారు.

ముందు నీళ్లతో చూద్దాం. 'కొఖెండెస్ వాసర్' అంటే మరుగుతున్న నీళ్లు. 'అప్‌గెకొఖ్‌టెస్ వాసర్' అంటే కాచిన నీళ్లు. 'అప్‌ట్సుకొఖెండెస్ వాసర్' అంటే కాచాల్సిన నీళ్లు. క్రియకు 'ఎండ్' తగిలితే పని జరుగుతోందని, మామూలుగా 'గె' వస్తే అయిపోయిందని, 'ఎండ్'తోపాటు 'ట్సు' కూడా దూరితే ఇంకా జరగాలని అర్థం.

తెలుగులో కాచిన నీళ్లయినా, కాచిన పాలయినా 'కాచిన' మారదు. జర్మన్‌లో మాత్రం లింగం, వచనం, విభక్తిని బట్టి చివర మారుతుంది. అందుకే అబ్బాయి 'ఐన్ ఔస్‌ట్సుబిల్డెండర్', అమ్మాయి 'ఐనె ఔస్‌ట్సుబిల్డెండె'. 'ఐన్' బదులు 'దెర్' పెడితే అబ్బాయికి కూడా 'డె' అనే వస్తుంది. ఇక్కడే మార్కులు పోతాయి, జాగ్రత్త.

ఇక అర్థం. 'ఔస్‌బిల్డెన్' అంటే శిక్షణ ఇవ్వడం. మధ్యలో 'ట్సు' ఉంది కాబట్టి 'శిక్షణ ఇవ్వాల్సిన వ్యక్తి' అని. 1969లో వచ్చిన వృత్తి శిక్షణ చట్టం 'లేర్లింగ్' అనే పాత మాట బదులు దీన్ని పెట్టింది. అదే చట్టంలో శిక్షణ ఇచ్చే యజమాని పేరు 'ఔస్‌బిల్డెండె'. రెండు మాటలకీ తేడా ఆ 'ట్సు' ఒక్కటే. నర్సింగ్‌కు 2020 నుంచి వేరే చట్టం అమల్లో ఉంది. అందులోనూ నేర్చుకునేవాళ్ల పేరు ఇదే. శిక్షణకు పనికొచ్చే పనులే వాళ్లకు అప్పగించాలని కూడా ఉంది.

చిన్నప్పటి నుంచి మనల్ని 'వెనుకబడిన' వాళ్లు అంటున్నారు. ఆ మాట వ్యాకరణం చూడండి. పని అయిపోయింది, ఎవరు వెనక్కి నెట్టారో చెప్పదు. 'నేర్పించాల్సిన' అంటే మాత్రం వెంటనే ప్రశ్న వస్తుంది: ఎవరు నేర్పాలి? జవాబు ఆ ఒప్పందంలోనే సంతకం పెట్టి ఉంటుంది.

అందుకే వెళ్లేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. రోజూ పాత్రలు కడిగించి, నేల తుడిపించి పంపేస్తుంటే, నేర్పేది ఎప్పుడని మర్యాదగా అడగండి. అలా అడగడం పొగరు కాదు. వాళ్లు మనకు పెట్టిన పేరులోనే ఆ హక్కు ఉంది.