గంజి తగ్గిన నూలు

కోరుట్లలో మా చిన్నమ్మ ఇంటికి పోతే ముందు ఎదురొచ్చేది తంబాకు వాసన. చాయ్ ఆ తర్వాతే. ఒళ్లో చాట, అందులో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు, కత్తెర, దారం. మాట మనతో, చెయ్యి బీడీతో. మొన్న పోయినప్పుడు ఆమె వేళ్లకు రెండు మూడు చోట్ల పట్టీలు కనబడ్డాయి.

"ఏమైంది చిన్నమ్మా?"

"షుగర్ వచ్చినకాన్నుంచి తోలు ఎండిన ఆకులెక్క అయితున్నది బిడ్డా. పలిగిన కాడ తంబాకు పడితే మంట. పసుపు, సున్నం పెడుతున్న."

వాళ్ల వాడలో సగం మంది పగుళ్లకు చేసేది అదే. మీ ఇంట్లో కూడా చేస్తుంటే, ఒక్క నిమిషం నాతో సిరిసిల్ల దాకా రండి.

అక్కడి సాంచాల (మరమగ్గాల) మీద కాటన్ గుడ్డ నేయాలంటే పడుగు నూలుకు ముందు సైజింగ్ చేయిస్తారు, అంటే గంజి పట్టిస్తారు. గంజి తక్కువైన పోగు చూడ్డానికి బాగానే ఉంటుంది. సాంచా ఎక్కి రాపిడి మొదలయ్యాకే దాని బండారం బయటపడుతుంది. పుటుక్కున తెగుతుంది, అతికేసరికి పని ఆగుతుంది.

షుగర్ ఉన్నవాళ్ల తోలు కథ కూడా ఇంతే. ఒంటికి కాపలా కాసేది అన్నిటికన్నా పైన ఉండే పొర. అరచేతులు, అరికాళ్లు తప్పిస్తే దాని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటే గొప్ప. చచ్చిన కణాలు దొంతరలుగా పేరుకుని, వాటి మధ్య కొవ్వు పట్టి ఉంటుంది. ఆ కొవ్వే మన గంజి. షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే చెమట పట్టించే నరాలు దెబ్బతింటాయి, అదీ ముందు కాళ్లలో. చెమట తగ్గి తోలు ఎండుతుంది, మడమలు పగులుతాయి. జపాన్ పరిశోధకులు షుగర్ ఉన్నవాళ్ల చర్మాన్ని కొలిచి 2005లో ఒక సంగతి చెప్పారు. పైపొరలో తేమ, జిడ్డు తగ్గాయట, అడ్డుగోడ మాత్రం నిలబడే ఉందట. అయితే దెబ్బ తగిలాక ఆ గోడ మళ్లీ లేవడానికి ఆలస్యమవుతుందని ఎలుకల మీది ప్రయోగాల్లో తేలింది. అంటే షుగర్ వచ్చినంత మాత్రాన తోలు జల్లెడ కాదు. గంజి తగ్గిన నూలు, అంతే. తెగకుండా చూసుకోవడమే మన పని.

ఇదంతా చెప్తే చిన్నమ్మ ఓపిగ్గా విని, "అయితే గీ ఇన్సులిన్ సూది ఎందుకు? బామ్ లెక్క రుద్దుకునేటిది లేదా?" అంది. మంచి ప్రశ్నే. తోలు దాటి లోపలికి పోవాలంటే అణువు చిన్నదై ఉండాలి. అణుభారం 500 దాటితే కష్టమని శాస్త్రజ్ఞుల లెక్క. ఇన్సులిన్ భారం 5,800 పైచిలుకు. తంబాకులోని నికోటిన్‌ది 162. కావలసిన చుట్టం గడప బయటే ఆగిపోయాడు, పిలవని చుట్టం నడింట్లో కూర్చున్నాడు! బీడీ ఏనాడూ తాగకపోయినా, బీడీలు చేసేవాళ్ల మూత్రంలో నికోటిన్ ఆనవాళ్లు దొరికాయి. చేయి పగిలి ఉంటే ఆ చుట్టానికి తలుపు కూడా తీసిపెట్టినట్టే.

ఇక సున్నం. తోలు పైభాగం కాస్త పులుపు గుణంతో ఉంటుంది, సూక్ష్మజీవులకు అది నచ్చదు. సున్నం దానికి పూర్తిగా ఎదురు. పుండు మీద పెడితే మందు కాదు, ఇంకో వాత.

తోలు మీద పూసే ట్యూబుల సంగతీ ఉంది. కోరుట్లలోనే కాదు, ఏ ఊళ్లోనైనా మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడండి. "తామరకు ఒక ట్యూబు ఇయ్యన్నా" అనే మాట వినబడుతుంది. అలాంటి ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎక్కడ పూస్తే ఎంత లోపలికి పోతుందో 1967లోనే కొలిచారు. ముంజేతి మీద ఒక వంతు పోతే, నుదుటి మీద ఆరు వంతులు, వృషణాల మీద 42 వంతులు. తామర ఎక్కువగా వచ్చే చోట్లలో తొడల సందులు ఒకటి! గట్టి స్టెరాయిడ్ ఎక్కువ మేర, ఎక్కువ రోజులు పూస్తే రక్తంలో చేరి షుగర్ పెంచగలదు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేనిదే అమ్మకూడదంది. మనమేమో షుగర్ తగ్గడం లేదు, గోలీలు మార్చమని డాక్టరును అడుగుతాం. జేబులో ట్యూబు సంగతి మాత్రం చెప్పం.

చిన్నమ్మతో చివరికి ఒప్పందం కుదిరింది. సున్నం బంద్. బీడీలు చేసి లేవగానే సబ్బుతో చేతులు కడగాలి. తడి ఆరకముందే చేతులకు, మడమలకు కొబ్బరినూనో వాజలీనో రాయాలి, కాలివేళ్ల సందుల్లో మాత్రం వద్దు, అక్కడ నానితే బూజు పడుతుంది. స్నానం నీళ్ల వేడి మోచేత్తో చూడాలి, మొద్దుబారిన కాలికి ఆ సంగతి తెలియదు కాబట్టి. సూది రోజూ ఒకే చోట గుచ్చొద్దు, అక్కడ గడ్డ కడితే ఇన్సులిన్ ఒకరోజు పారుతుంది, ఒకరోజు పారదు.

మీకు చెప్పేదీ అదే. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి. వంగడం కాకపోతే అద్దం పెట్టండి, చూపు ఆనకపోతే మనవణ్ని పిలవండి. పుండు కనబడితే పసుపు డబ్బా దగ్గర ఆగకుండా తెల్లారేసరికి దవాఖానకు పోండి.