పరామర్శతో తీరని బాధ్యత

రోగిని చూడబోవటాన్ని అరబీలో ‘ఇయాదత్’ అంటారు. రోగి దగ్గరుండి ఉపచర్యలు చేయటాన్ని ఉర్దూలో ‘తీమార్‌దారీ’ అంటారు. మొదటిది పావుగంట పని. రెండవది రేయింబవళ్ళ పని. మిష్కాత్ గ్రంథంలోని ‘కితాబుల్ జనాయిజ్’ రోగి పరామర్శ ప్రకరణంతోనే ప్రారంభమవుతుంది. ఏటా దానిని బోధిస్తూనే ఉన్నాము. పరామర్శకు ఎంతటి పుణ్యఫలం ఉన్నదో విద్యార్థులు చక్కగా అప్పజెబుతారు. మన మొహల్లాలలో ఎవరైనా మంచం పట్టారంటే పండ్ల సంచులతో వచ్చేవారికి కొదువ లేదు. అయితే వచ్చినవారందరూ సలాం చెప్పి వెళ్ళిపోయిన తర్వాత తడిసిన దుప్పటి మార్చేది ఎవరు? అర్ధరాత్రి రోగిని ప్రక్కకు త్రిప్పేది ఎవరు? చాలా ఇళ్ళలో దీనికి ఒకటే సమాధానం: ఇంటి కోడలు. ఇంత పెద్ద బాధ్యతను మనం ఒక విద్యగా నేర్వము, ఒక పద్ధతిగా పంచుకోము.

నాలుగేళ్ళ క్రితం మా అమ్మీజాన్‌కు పక్షవాతం వచ్చింది. అప్పటికి ఆమె వయస్సు 74 ఏళ్ళు. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాట పోయింది. మ్రింగటం కూడా కష్టమయింది. మొదట చేర్పించిన ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాము. అక్కడి నర్సులు కఠినులు కారు. అందరూ ‘అమ్మా’ అనే పిలిచేవారు. అయినా తొమ్మిదవ నాటికి ఆమె నడుము క్రింది ఎముక దగ్గర చర్మం చిట్లి పుండు పడింది. పగటి డ్యూటీ వారు రాత్రివారు త్రిప్పి ఉంటారనుకున్నారు. రాత్రివారు పగటివారిపై అదే నమ్మకం పెట్టుకున్నారు. ఆ పుండుకు కారణం నిర్దయ కాదు. ఎవరు, ఎప్పుడు, ఏమి చేయాలన్న లెక్క లేకపోవటమే. జాలి పుష్కలంగా ఉన్నచోట కూడా ఏర్పాటు లేకపోతే రోగి శరీరమే ఆ మూల్యం చెల్లించవలసి వస్తుందని ఆనాడు మాకు బోధపడింది.

అక్కడినుండి మరో పెద్ద ఆసుపత్రిలోని ఐసీయూకు తరలించాము. దాని బాధ్యత చూసే ఇన్‌చార్జి సిస్టర్ ఒక క్రైస్తవ సోదరి. ఎనిమిది పడకలు, పూటకు నలుగురు నర్సులు. మనమైతే తలకు రెండు పడకలని పంచేస్తాము. ఆమె అలా పంచలేదు. కృత్రిమ శ్వాస యంత్రంపై ఉన్న ఇద్దరికీ చెరొక అనుభవజ్ఞురాలిని కేటాయించి, మిగిలిన ఆరుగురిని ఇద్దరికి అప్పగించేది. క్రొత్తగా చేరిన అమ్మాయికి నిలకడగా ఉన్న రోగులనే ఇచ్చి, ప్రక్కనే ఒక పెద్ద నర్సు ఉండేటట్లు చూసేది. సమానంగా పంచటం వేరు, న్యాయంగా పంచటం వేరు. వారసత్వపు వాటాల పాఠంలో మేము చెప్పే మాటే ఇది. దానిని ఒక వార్డులో కళ్ళారా చూశాము.

డ్యూటీ మారే సమయంలో అప్పగింత బల్ల దగ్గర జరిగేది కాదు, ప్రతి పడక దగ్గరా జరిగేది. వెళ్ళే నర్సు, వచ్చే నర్సు కలిసి రోగి వీపు చూసేవారు. గొట్టాలు, సెలైన్ పరిశీలించేవారు. ఎంత నీరు లోపలికి వెళ్ళిందో, ఎంత మూత్రం వచ్చిందో కాగితంపై సరిచూసుకునేవారు. మందు ఇచ్చేముందు రోగి పేరు, మందు పేరు, మోతాదు, ఇచ్చే మార్గం, ఇవ్వవలసిన వేళ అనే ఐదింటినీ పోల్చుకొనేవారు. అది చూస్తుంటే మాకు హదీసుల సనద్ గుర్తుకు వచ్చింది. ఉల్లేఖకుల పరంపరలో ఒక్క కొక్కెం తెగితే ఉల్లేఖనం బలహీనమవుతుందని మనం పిల్లలకు నేర్పుతాము. రోగి క్షేమం కూడా చేతినుండి చేతికి అందే అటువంటి పరంపరే. మొదటి ఆసుపత్రిలో తెగినది సరిగ్గా ఆ కొక్కెమే.

ఆమె మరి రెండు పద్ధతులు కూడా చెప్పుకోదగినవి. రోజూ సాయంత్రం ఒక నియమిత వేళలో బంధువులలో ఒకరిని మాత్రమే పిలిచి ఉన్నది ఉన్నట్లు చెప్పేది. లేని ఆశ పెట్టేది కాదు, ఉన్న ఆశ తీసేసేది కాదు. తన క్రింద పనిచేసే నర్సులు వేళకు తిన్నారా లేదా అని కూడా అడిగి తెలుసుకునేది. “అలసిన చెయ్యి మందు తప్పుతుంది మౌలానా సాబ్” అని ఒకసారి మాతో అన్నది. అమ్మీజాన్‌ను ఇంటికి పంపించే రోజున మరొక మాట చెప్పింది: “పూర్తిగా నయం చేయలేకపోవచ్చు. అయితే చేయవలసిన పని అయిపోయిందని కాదు. ఇక మీరే ఇన్‌చార్జి.”

ఆ మాటను మేము తేలికగా తీసుకోలేదు. ఇంటికి రాగానే ఒక పొడవాటి రిజిస్టరు తెరిచాము. రెండు గంటలకొకసారి ఎడమ ప్రక్కకు, వెల్లకిలా, కుడి ప్రక్కకు త్రిప్పటం. త్రిప్పినవారు వేళ వ్రాసి సంతకం చేయటం. పుండు మానేవరకు దానిపై బరువు పడకుండా వెల్లకిలా పడుకోబెట్టటం బాగా తగ్గించాము. ముక్కు గొట్టం ద్వారా ఆహారం పోసేటప్పుడు, పోసిన తర్వాత సుమారు గంటసేపు తలవైపు ఎత్తుగా ఉంచేవారము. లేకపోతే ఆహారం ఊపిరితిత్తులలోకి వెళ్ళే ప్రమాదం ఉంటుంది. నోటితో తినకపోయినా పూటపూటకు నోరు శుభ్రం చేయాలి. ముట్టుకునే ముందు, ముట్టుకున్న తర్వాత సబ్బుతో చేతులు కడగాలి. జ్వరం, ఆయాసం, పుండునుండి దుర్వాసన, మూత్రం తగ్గటం, మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా డాక్టరుకు కబురు చేయాలి. ఈ సూచనలన్నీ పెద్ద అక్షరాలతో వ్రాసి గోడకు అంటించాము.

అసలు కష్టం వంతుల దగ్గర వచ్చింది. ఇంటి మగవారందరూ ఇది ఆడవారి పని అన్నారు. సౌదీలో ఉన్న మా తమ్ముడు నెలనెలా డబ్బు పంపుతున్నాడు కనుక తన వంతు తీరిందనుకున్నాడు. అప్పటికే మా ఇల్లాలికి, మా మరదలికి నడుములు వంగటం లేదు. ఒక శుక్రవారం అందరినీ కూర్చోబెట్టి హజ్రత్ ఉస్మాన్ (రజి) గారి వృత్తాంతం చెప్పాము. హిజ్రీ 2వ సంవత్సరంలో బద్ర్ యుద్ధానికి ముస్లిములు బయలుదేరిన వేళ ఆయన ధర్మపత్ని, దైవప్రవక్త (స) కుమార్తె అయిన హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్రంగా జబ్బుపడి ఉన్నారు. ఆమెకు సేవ చేయటానికి ఆయనను మదీనాలోనే ఉండిపొమ్మని దైవప్రవక్త (స) ఆదేశించారు. బద్ర్‌లో పాల్గొన్నవారికి లభించే పుణ్యఫలంలోను, యుద్ధప్రాప్తిలోను ఆయనకు వాటా ఇచ్చారు. భార్య మంచం ప్రక్కన కూర్చోవటం బద్ర్ మైదానంలో నిలబడటంతో సమానమైనచోట, తల్లి మంచం ప్రక్కన కూర్చోవటం మగతనానికి తక్కువ ఎలా అవుతుంది?

ఆ వారంనుండి రాత్రి వంతులు మేము, మా కుమారులు తీసుకున్నాము. స్నానం, బట్టలు మార్చటం వంటివి స్త్రీలే చూసేవారు. మర్యాద కాపాడటం కూడా రోగికి మనం బాకీపడిన హక్కే. తమ్ముడు రెండు నెలల సెలవుపై వచ్చి వరుసగా రాత్రులు మేల్కొన్నాడు. “భాయిజాన్, డబ్బు పంపటమే తేలికైన పని” అన్నాడు ఒక తెల్లవారుజామున. రిజిస్టరులో అతని సంతకాలు ఇప్పటికీ ఉన్నాయి.

వేళకు అజాన్ వినిపించగానే అమ్మీజాన్ కళ్ళు మావైపు తిరిగేవి. మేము తయమ్ముమ్ చేయించేవారము. ఆమె తల సైగలతో నమాజు చేసేది. నిలబడలేనివారికి కూర్చొని, కూర్చోలేనివారికి పడుకొని నమాజు చేసే వెసులుబాటును షరీఅత్ ఇచ్చింది. రోగిని ఆరాధననుండి దూరం చేయకుండా, ఆరాధనను రోగికి బరువు చేయకుండా చూడటం కూడా ఉపచర్యలో భాగమే.

మూడవ నెలలో పుండు పూర్తిగా మానింది. ఏడవ నెలలో అల్లాహ్ ఆమెను తన సన్నిధికి పిలిపించుకున్నాడు. చివరి గంటల్లో పెదవులు తడుపుతూ, ప్రక్కన కూర్చొని మెల్లగా కలిమా చదివాము. అనమని ఆమెను ఒత్తిడి చేయలేదు. పండితులు వారించినదీ ఆ ఒత్తిడినే.

నిరుడు మా తమ్ముని కుమార్తె ఇంటర్ బైపీసీ ముగించి, నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ చదువుతానన్నది. దాదీమాకు పుండు కడుగుతూ ఆమె ఆ నిర్ణయానికి వచ్చింది. ఇంట్లో కలకలం. రాత్రి డ్యూటీలు, పరాయి పురుషుల సేవ, పెళ్ళి సంబంధాలు అంటూ ఎన్నో అభ్యంతరాలు. ఇవి కొట్టిపారేయదగ్గవి కావు. హాస్టలు భద్రత, రాకపోకలు, పర్దా అన్నీ తండ్రి విచారించవలసినవే. కానీ మన తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమెను ముట్టుకునేందుకు స్త్రీయే కావాలని పట్టుబట్టే మనం, ఆ స్త్రీ మాత్రం ఎల్లప్పుడూ ఇతరుల ఇంటి కూతురే కావాలనటం ఎటువంటి న్యాయం? కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను దైవప్రవక్త (స) ఉంచినది హజ్రత్ రుఫైదా (రజి) అనే మహిళ గుడారంలోనే. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ఏడు యుద్ధాలలో రోగులకు సేవ చేశారు. 1111లో పరమపదించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తమ ‘ఇహ్యా’లో వైద్యవిద్యను ఫర్జె కిఫాయాగా పేర్కొన్నారు. ఎన్నో పట్టణాలలో ముస్లిమ్ వైద్యుడే లేకపోయినా అందరూ ఫిఖ్హ్ వైపే ఎగబడుతున్నారని ఆవేదన చెందారు. ఫిఖ్హ్ బోధించే మా వంటి వారికి ఆ మాట సూటిగా తగులుతుంది. ఫర్జె కిఫాయాను ఎవరూ నెరవేర్చకపోతే ఆ భారం సమాజమంతటిదీ. అమ్మాయి ఇప్పుడు మొదటి సంవత్సరం చదువుతున్నది.

పాఠకులకు మా మనవి ఇంతే. మీ ఇంట్లో దీర్ఘరోగి ఉంటే ఈ రోజే ఒక పుస్తకం తెరవండి. వంతులు వ్రాయండి, మగవారి పేర్లు కూడా వ్రాయండి. మసీదు కమిటీలు సంవత్సరానికి ఒకసారైనా ఒక అనుభవజ్ఞురాలైన నర్సును పిలిపించి, రోగిని త్రిప్పటం, గొట్టంతో ఆహారమివ్వటం, పుండును కనిపెట్టటం స్త్రీపురుషులకు వేరువేరుగా నేర్పించాలి. పరామర్శకు వెళ్ళేవారు పండ్లతోపాటు ఒక రాత్రి వంతు కూడా తీసుకువెళ్ళాలి. ఆ ఇంటివారు ఆ రాత్రి నిద్రపోగలుగుతారు.

రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! వారికి సేవచేసే చేతులను అలసటనుండి కాపాడుగాక! ఆమీన్.